34 శాతం సిమిలారిటీ, హెచ్‌వోడీ గారి పేరు, లేని ఎథిక్స్ అనుమతి: వీటిలో ఎవరి బాధ్యత ఎంత?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. నల్గొండ జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ, ఐదో ఏడు నడుస్తోంది. థీసిస్ డ్రాఫ్టుని సాఫ్ట్‌వేర్లో పెడితే సిమిలారిటీ, అంటే వేరే రచనలతో కలిసిన పాఠం, 34 శాతం వచ్చింది, గైడ్ గారు "మాటలు మార్చి పది లోపుకి దించు" అన్నారు. పేపర్లో హెచ్‌వోడీ (శాఖాధిపతి) గారి పేరు పెట్టమంటున్నారు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పిల్లల పళ్ళు చూసి సర్వే చేశారు గానీ మనుషుల మీద పరిశోధనకి అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీకి వెళ్ళలేదు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి మీద పడుతుందన్నది ఆఖరి ప్రశ్న.

ఆ ఆఖరి దానికే ముందు జవాబు. సంతకం పెట్టిన ప్రతి ఒక్కరి మీదా పడుతుంది, ఎవరు దేని కింద సంతకం పెట్టారో ఆ మేరకు. థీసిస్ మొదటి పేజీలు ఎవరూ చదవరు గానీ చిక్కంతా అక్కడే ఉంది. ఇది నా సొంత పని, కాపీ లేదు అని మీ డిక్లరేషన్. ఈ పని నా పర్యవేక్షణలో జరిగింది, ఇందులో చౌర్యం లేదు, ఇంకో డిగ్రీకి ఇవ్వలేదు అని గైడ్ గారి సర్టిఫికెట్. ఫలానా సాఫ్ట్‌వేర్లో పెడితే ఇంత శాతం వచ్చింది అని లైబ్రరీ కాగితం. ఈ మూడూ మూడు వేర్వేరు మాటలు. లైబ్రేరియన్ ఇచ్చేది అంకె మాత్రమే, మీ థీసిస్ నిజాయితీకి ఆయన పూచీ పడటం లేదు. కానీ మన క్యాంపస్‌లలో ఆ మూడో కాగితం వస్తే మొదటి రెండూ వాటంతటవే నిజమైపోయినట్టు నడుస్తోంది. మీ గైడ్ గారి సలహా కూడా అక్కడినుంచే వచ్చింది.

ముందు 34 సంగతి. 2018 నాటి యూజీసీ ప్లేజియరిజం నిబంధనల్లో మెట్లు ఇలా ఉన్నాయి. 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఒకటో స్థాయి: గడువిచ్చి దిద్ది మళ్ళీ ఇమ్మంటారు, ఆ గడువు ఆరు నెలలు మించకూడదు. 40 దాటి 60 దాకా రెండో స్థాయి: దిద్దిన థీసిస్ ఇవ్వడానికి ఏడాది పాటు వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఒకసారి దొరికినవాళ్ళు మళ్ళీ దొరికితే ఒక మెట్టు పైది వర్తిస్తుంది. డిగ్రీ చేతికొచ్చాక బయటపడితే ఆ డిగ్రీని కొంతకాలం నిలిపివేసే అధికారం కూడా ఉంది. మీరింకా సమర్పించలేదు కాబట్టి మీ 34 నేరం కాదు, దిద్దుకోవలసిన డ్రాఫ్టు. బీటెక్ ప్రాజెక్టు రిపోర్టులూ కోర్సు అసైన్‌మెంట్లూ ఈ నిబంధనల పరిధిలోకి రావు, వాటికి యూనివర్సిటీ సొంత నియమాలే. ఎంఏ, ఎమ్మెస్సీ డిసర్టేషన్లు వస్తాయి.

అయితే ఆ 34లో ఏముందో చూడకుండా దించడం మొదలుపెట్టకండి. రిపోర్టు పీడీఎఫ్ మొత్తం తెరిచి, చివర్లో ఉండే సోర్సుల జాబితా ముందు చదవండి. రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, మూలం చెప్పి కొటేషన్లో పెట్టిన భాగాలు, చట్టాల పాఠం, ప్రామాణిక సమీకరణాలు ఇవన్నీ లెక్కలోంచి తీసేయాలని నిబంధనలే చెబుతున్నాయి. వరసగా 14 పదాల దాకా కాకతాళీయంగా కలిసినా పట్టించుకోరు. లైబ్రరీలో ఫిల్టర్లు పెట్టకుండా తోసేస్తే 8 రావలసింది 20 వచ్చిన సందర్భాలు మామూలే. అందుకని ఫిల్టర్లు పెట్టి మళ్ళీ ఒకసారి తీయించండి. 34 కాస్తా ఏ 22కో దిగితే, ఆ మిగిలిన 22 అసలు జబ్బు.

ఆ 22ని మళ్ళీ మూడుగా విడదీయండి. మీ సొంత పేపర్లతో కలిసింది ఒకటి. మెథడ్స్‌లో అందరూ ఒకేలా రాసే వాక్యాలు రెండు. మూడోది రివ్యూ ఆఫ్ లిటరేచర్లో, చర్చలో పరాయి వాక్యాలు. మొదటిదానికి మందు తేలిక: ఆ అధ్యాయం మొదట్లో "ఈ భాగం ఫలానా పేపరుగా వచ్చింది" అని చెప్పి, ఆ పేపర్ని ఉదహరించి, గైడ్ గారి ధ్రువీకరణతో దాన్ని మినహాయించమని అడగండి. చెప్పకుండా వదిలేస్తే సొంత రాత అయినా తప్పే. మూలం చెప్పకుండా తన పాత రచనను తిరిగి వాడుకోవడం అంగీకారం కాదని యూజీసీ 2020 ఏప్రిల్‌లో విడిగా నోటీసు కూడా ఇచ్చింది. మెథడ్స్ వాక్యాలకి కంగారు పడకండి. ప్రామాణిక పద్ధతిని ఉదహరించి, మీరు దాంట్లో ఏం మార్చారో అది మాత్రం రాయండి, సగం తగ్గుతుంది. శ్రమ పెట్టవలసింది మూడో దాని మీద. ఇంకో మాట: అబ్‌స్ట్రాక్టు, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపుల్లో అసలు పోలికే ఉండకూడదని అదే నిబంధనల్లో ఉంది. మొత్తం 9 శాతమే వచ్చి, అందులో నాలుగు ఫలితాల అధ్యాయంలో ఉంటే అది 34 కంటే చెడ్డ రిపోర్టు. అంకె ఒక్కటే చూసే గైడ్‌కి ఇది కనబడదు.

ఇక "మాటలు మార్చడం". దాన్ని దగ్గరగా చూద్దాం. మూలంలో ఇలా ఉందనుకోండి: "ఈ ప్రాంతపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ అధికంగా ఉండటానికి గ్రానైట్ శిలల్లోని ఫ్లోరైడ్ ఖనిజాలు నీటిలో కరగడమే ప్రధాన కారణం." మాటలు మారిస్తే: "ఈ ఏరియా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ స్థాయిలో కనిపించడానికి గ్రానైట్ రాళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ ఖనిజాలు నీళ్ళలో కరిగిపోవడమే ముఖ్య హేతువు." సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోకపోవచ్చు. కానీ వాక్యం ఎముకలు అవే, ఆలోచన అదే వరసలో ఉంది, చెప్పినవాళ్ళ పేరు లేదు. చౌర్యం తగ్గలేదు, కనబడకుండా పోయింది అంతే. సరైన రాత ఇలా ఉంటుంది: "ఫ్లోరైడ్ మూలం గ్రానైట్ ఖనిజాలేనని ఫలానావారు 2012లో తేల్చారు. నేను నమూనాలు తీసిన 40 బోర్లలో లోతు పెరిగేకొద్దీ ఫ్లోరైడ్ కూడా పెరగడం దానికి అనుగుణంగానే ఉంది. చెరువు పక్కనున్న ఆరు బోర్లు మాత్రం ఈ వరసలో లేవు." ఇక్కడ పరాయి మాట పరాయివాళ్ళ పేరు మీద ఉంది, మీ మాట మీది. ఇలా రాయాలంటే మూల పేపరు మూసేసి రాయాలి. పక్కన తెరిచి పెట్టుకుని ఒక్కో పదానికి పర్యాయపదం వెతికేవాళ్ళు ఎప్పటికీ ఇలా రాయలేరు. పేపరు చదివి, మూసి, ఒక కాగితం మీద మీకు అర్థమైంది మూడు ముక్కల్లో రాసుకుని, మర్నాడు ఆ కాగితం చూసి థీసిస్‌లో రాయండి. రోజుకి రెండు పేజీల కంటే సాగదు. మీ రివ్యూ 45 పేజీలైతే నెల పెట్టుకోండి.

పారాఫ్రేజింగ్ టూళ్ళ జోలికి వెళ్ళకండి. అవి స్థిరపడ్డ సాంకేతిక పదాలని కూడా మార్చేస్తాయి. ఇంగ్లీషు పేపర్లలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ని "కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్" అనీ, బ్రెస్ట్ క్యాన్సర్‌ని "బూజమ్ పెరిల్" అనీ మార్చిన వాటిని ఫ్రాన్స్‌కి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబానాక్ బృందం 2021లో బయటపెట్టింది. అప్పటినుంచి ఇలాంటి పదబంధాలని వెతికి పట్టుకునే పని ఒక జల్లెడలా నడుస్తోంది. 2023లో హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థ జర్నల్స్ నుంచే, రకరకాల అక్రమాల వల్ల, ఎనిమిది వేలకు పైగా పేపర్లు ఉపసంహరించారు. తెల్లరంగులో కొటేషన్ గుర్తులు దాచడం, ఇంగ్లీషు అక్షరం బదులు అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టడం, పేరాని బొమ్మగా అతికించడం లాంటి కిటుకులు కూడా చెబుతారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు వీటిలో చాలావాటిని గుర్తుపెట్టి చూపిస్తాయి. అప్పుడు అజాగ్రత్త అని తప్పించుకునే వీలుండదు, మోసపు ఉద్దేశం రుజువైపోయినట్టే.

చాట్‌జీపీటీ లాంటివి వాడారా అని ఇప్పుడు చాలా జర్నళ్ళు అడుగుతున్నాయి. యంత్రం రచయిత కాలేదు, ఎందుకంటే అది దేనికీ బాధ్యత వహించలేదు అని ప్రచురణ నైతికతల సంస్థ కోప్ 2023లోనే తేల్చింది. భాష దిద్దడానికి వాడితే వాడినట్టు మెథడ్స్‌లోనో కృతజ్ఞతల్లోనో రాయండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకండి. లేని పేపరుకి ఉన్న రచయిత పేరు తగిలించి ఇస్తుంది. థీసిస్‌లో ఉన్న ప్రతి డీవోఐనీ (పేపరుకి ఉండే శాశ్వత లింకు) ఒకసారి నొక్కి చూడండి. 180 రిఫరెన్సులకి ఒక పూట పని.

మీది ఇంగ్లీషు థీసిస్ గానీ, ఇది చదివే తెలుగు శాఖల వాళ్ళకి ఒక మాట. తెలుగు థీసిస్‌కి సిమిలారిటీ 0 లేదా 1 వస్తే సంబరపడకండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. సాఫ్ట్‌వేర్ ఆ గజిబిజినే చదివి, ప్రపంచంలో దేనితోనూ కలవలేదని చెబుతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు చెదిరిపోయాయేమో చూసుకుని, అప్పుడు పెట్టాలి. అది చేసినా పాత పుస్తకాలూ పత్రికలూ ఎక్కువగా స్కాన్ బొమ్మలుగానే ఉన్నాయి కాబట్టి పోల్చడానికి అవతల పాఠమే ఉండదు. ఇంగ్లీషు పుస్తకంలోంచి అధ్యాయానికి అధ్యాయం తెలుగు చేసి పెట్టుకున్నా ఇది పట్టుకోదు. అందుకే తెలుగులో గైడ్ చదువే అసలు తనిఖీ. జానపద సాహిత్యం సేకరించేవాళ్ళకి ఇంకొకటి ఉంది: పాట పాడినావిడ పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ, పేరు వేయడానికి ఆవిడ ఒప్పుకుందా లేదా అన్నది అనుబంధంలో ఉండాలి. "సేకరణ: పరిశోధకుడు" అని ఒక్క ముక్క రాస్తే అది కూడా పరాయి సొత్తు సొంతం చేసుకోవడమే.

ఇక హెచ్‌వోడీ గారి పేరు. వైద్య జర్నళ్ళ సంపాదకుల సంఘం పెట్టిన నాలుగు షరతులు ఇప్పుడు సైన్స్ జర్నళ్ళలో చాలావరకు చెల్లుబాటవుతున్నాయి. పని ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలుండాలి. రాతలోనో, లోతుగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. ఆఖరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. అన్నిటికన్నా నాలుగోది ముఖ్యం: పేపర్లో దేని మీద అనుమానం వచ్చినా జవాబు చెప్పడానికి ఒప్పుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. ల్యాబు తాళం ఇచ్చారనో, శాఖాధిపతి అనో, ప్రచురణ ఫీజు కట్టారనో పేరు రాదు, కృతజ్ఞతల్లో వస్తుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎండలో బోరుబోరుకీ తిరిగి నమూనాలు తెచ్చి, లెక్కలు కూడా చేసిన ఎమ్మెస్సీ పిల్ల పేరు జారవిడవడం అంతే తప్పు. దాని గురించి ఎవరూ అడగరు.

కాదని నేరుగా అనడం మన శాఖల్లో ఎంత కష్టమో తెలిసిందే. సినాప్సిస్ మీద, ఫెలోషిప్ బిల్లు మీద సంతకం ఆయనదే. అందుకని మనిషితో పేచీ పెట్టుకోకుండా, పేచీ జర్నల్ ఫారానికి అప్పగించండి. ఇప్పుడు చాలా జర్నళ్ళు క్రెడిట్ పట్టికలో 14 రకాల పాత్రలిచ్చి ఎవరిది ఏదో రాయమంటాయి. ఆ పట్టిక ఖాళీగా గైడ్ గారికి మెయిల్ చేసి, "సార్, జర్నల్ వాళ్ళు ఒక్కొక్కరికీ పాత్ర రాయమంటున్నారు, హెచ్‌వోడీ సార్‌కి ఏం రాయమంటారు? చివరి ప్రతి చదివినట్టు ఆయన మెయిల్ కూడా కావాలంటున్నారు" అనండి. చాలామంది అక్కడే "కృతజ్ఞతల్లో పెట్టు చాలు" అంటారు. ఆయన నిజంగా కూర్చుని ఫలితాల మీద చర్చించి, రాత దిద్దితే షరతులు నెరవేరినట్టే, పేరు పెట్టండి, అందులో తప్పు లేదు. అసలు ఈ మాట అవ్వవలసింది పని మొదట్లో. పేపరు ఆలోచన వచ్చిన రోజే రచయితల వరస ఒక మెయిల్లో రాసుకుంటే ఆఖర్లో ఈ తలనొప్పి ఉండదు.

పేరు పెట్టించుకోవడం లాభమే అనుకునే పెద్దలకి తిరుపతి సంగతి గుర్తు చేయాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడి పేరు మీద 2004 నుంచి 2007 మధ్య వచ్చిన 70 దాకా పేపర్లలో కాపీ, కల్పన ఉన్నాయని 2008లో బయటపడింది. రాసిన పరికరాల్లో కొన్ని ఆ యూనివర్సిటీలోనే లేవు. అలాంటి పేపరు మీద సహరచయితగా పేరున్నవాళ్ళని ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ పరికరం ఏ గదిలో ఉంది? దానికి "నాకు తెలియదు" అన్న జవాబు రక్షణ కాదు, నాలుగో షరతు ఉల్లంఘన. ప్రచురించిన పేపర్లకి అధ్యాపకులకూ మెట్లున్నాయి. రెండో స్థాయిలో ఒక ఇంక్రిమెంటు పోతుంది, రెండేళ్ళు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. మూడో స్థాయిలో వరసగా రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్ళు. పేపరు వెనక్కి తీసుకోమనడం ఒకటో స్థాయి నుంచే ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, మీ ప్రశ్నలో అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది డేటా. చౌర్యం గురించి మాట్లాడేది ఎక్కువ, ఎందుకంటే దానికి సాఫ్ట్‌వేర్ ఉంది. లేని రీడింగు పుట్టించడం, ఉన్న రీడింగు మాయం చేయడం ఇంకా పెద్ద తప్పులు, వాటికి శాతం రాదు. మీ పనిలోనే చూద్దాం. ఒకే బోరు నీటికి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో మూడుసార్లు కొలిస్తే లీటరుకి 1.8, 1.9, 4.6 మిల్లీగ్రాములు వచ్చాయి. 4.6 కొట్టేసి సగటు 1.85 అని రాయడం చెయ్యి తిరిగినవాళ్ళు కూడా చేసే పని. అదే తిమ్మిని బమ్మిని చేయడం. ఏం చేయాలంటే, మూడూ నోట్‌బుక్కులో ఉండాలి. తర్వాత కారణం వెతకాలి. 0.1, 1, 10 మిల్లీగ్రాముల స్టాండర్డులు మళ్ళీ పెట్టి స్లోపు చూడండి. 25 డిగ్రీల దగ్గర పదింతల తేడాకి సుమారు 59 మిల్లీవోల్టులు రావాలి, 54 కంటే కింద పడితే ఎలక్ట్రోడ్ సంగతి చూడాలి. ఆ మూడో బీకరులో టిసాబ్ ద్రావణం (నమూనాలన్నిటినీ ఒకే స్థితికి తెచ్చేది) మిగతావాటిలాగే సమపాళ్ళలో పడిందా, ముందు కొలిచిన గాఢమైన నమూనా తర్వాత ఎలక్ట్రోడ్ కడిగారా అన్నవి చూడండి. కారణం దొరికితే ఆ రీడింగు పక్కన కారణం రాసి తీసేయండి. దొరకకపోతే ఉంచండి, లేదా వదిలేసినట్టు థీసిస్‌లో చెప్పండి.

ఇక్కడ చాలామందికి తట్టని మోసం ఇంకొకటుంది. నచ్చని రీడింగు వచ్చినప్పుడు మాత్రమే మళ్ళీ కొలవడం. 1.8 వస్తే ఒప్పుకుని, 4.6 వస్తే రిపీటు చేస్తే, ఒక్క అబద్ధపు అంకె రాయకుండానే మొత్తం డేటా ఒక పక్కకి ఒరిగిపోతుంది. మళ్ళీ కొలవాలంటే ఆ బ్యాచ్ అంతా కొలవాలి. ఏ నమూనాకి ఎన్నిసార్లు, ఎంత తేడా వస్తే రిపీటు అన్న నియమం ఫీల్డుకి వెళ్ళకముందే నోట్‌బుక్కు మొదటి పేజీలో ఉండాలి.

ఆ నోట్‌బుక్కు కుట్టిన పుస్తకం అయి ఉండాలి, పేజీలకి నంబర్లుండాలి, పెన్నుతో రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన తేదీ, పొట్టి సంతకం. వైట్‌నర్ వాడితే ఆ పేజీకి విలువ పోతుంది. యంత్రం ఇచ్చిన అసలు ఫైలు పేరు కూడా మార్చకుండా ఒక ఫోల్డరులో పెట్టి, దాని నకలు మీద మాత్రమే ఎక్సెల్ పని చేయండి. జెల్ ఫొటోలు, మైక్రోస్కోపు ఫొటోలు ఉన్నవాళ్ళు వెలుతురు పెంచితే బొమ్మంతటికీ సమానంగా పెంచాలి, రెండు జెల్స్ అతికితే మధ్యలో గీత కనబడాలి. పరిశోధన పుస్తకాలూ రికార్డులూ సాధారణంగా సంస్థకే చెందుతాయి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. మనుషుల మీద చేసిన ఆరోగ్య పరిశోధన రికార్డులు పని ముగిశాక కనీసం మూడేళ్ళు, రెగ్యులేటరీ క్లినికల్ ట్రయల్స్‌వి అయిదేళ్ళు దాచాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలంటాయి. గైడ్ నెలకోసారి ఈ పుస్తకం తిరగేసి తేదీ వేసి సంతకం పెడితే, రేపు ఆయన సర్టిఫికెట్‌కి ఆధారం అదే. ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు పీహెచ్‌డీ స్కాలర్లకి మించకూడదన్న హద్దు పెట్టింది కూడా ఇలా చూడటానికి తీరిక ఉండాలనే కదా.

ఇప్పుడు మీ సర్వే. పిల్లల నోరు తెరిపించి పళ్ళ మీద ఫ్లోరోసిస్ గుర్తులు చూడటం ఆరోగ్య పరిశోధనే, సూది గుచ్చకపోయినా సరే. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారం, 7 దాటిన పిల్లల సొంత ఒప్పుకోలు కూడా కావాలి. పత్రం వాళ్ళకి తెలిసిన భాషలో ఉండాలి, చదవలేనివాళ్ళకి సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. హెడ్మాస్టర్ సంతకం చాలదు. ఎందుకు చాలదో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా బాలికలకి హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టుని 2010లో ఆపేశారు. దాని మీద 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారనీ, 1,948 వేలిముద్రలనీ అందులో ఉంది. పిల్లలు హాస్టల్లో ఉన్నంత మాత్రాన వార్డెన్ తల్లీతండ్రీ అయిపోరు.

మీరిప్పుడు చేయగలిగింది చెబుతాను, సుఖంగా ఉండదు. కమిటీ వెనక తేదీతో అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు. ఎవరైనా పాత తేదీ వేసి ఇప్పిస్తానంటే ఒప్పుకోకండి. అజాగ్రత్త ఫోర్జరీ అయ్యేది అక్కడే. జరిగింది జరిగినట్టు రాసి గైడ్ గారి సంతకంతో కమిటీకి ఇవ్వండి: ఏ తేదీల్లో, ఎన్ని ఇళ్ళు, ఏం అడిగారు, ఏం చూశారు, పేర్లు ఎక్కడ దాచారు. ఆ డేటా వాడవద్దంటే వాడకండి. అప్పుడు రెండు దారులు. బోరు నీళ్ళ పరీక్షకి ఎథిక్స్ అనుమతి అక్కర్లేదు కాబట్టి నీటి విశ్లేషణ మీదే థీసిస్ నిలబెట్టి సర్వే అధ్యాయం తీసేయడం ఒకటి. అనుమతి తెచ్చుకుని తక్కువ ఊళ్ళలో సర్వే మళ్ళీ చేయడం రెండోది. ఆరేళ్ళ గడువులో మీకు మిగిలింది రెండేళ్ళ లోపే, మీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి ఈ లెక్క చూపించి నిర్ణయించండి. నాకైతే మొదటిదే నయమనిపిస్తుంది. నలభై బోర్లు, రెండు కాలాలు, లోతు లెక్కలు ఉంటే అది నిండు థీసిసే. ఇందులో తప్పు మీ ఒక్కరిదే కాదు. ప్రతిపాదనలో "ఇంటింటి సర్వే" అన్న మాట చూసి ఎథిక్స్ సంగతి అడగవలసింది గైడూ ఆ కమిటీనూ.

ఫిర్యాదు సంగతి పొడిగా చెప్పేస్తాను. చౌర్యం మీద ఫిర్యాదు ఆధారంతో సహా శాఖ స్థాయి ప్యానెల్‌కి వెళ్ళాలి. ఎడమ పక్క మూలం, కుడి పక్క కాపీ, పేజీ నంబర్లతో ఒక పట్టిక చాలు, విశేషణాలు వద్దు. ఆ ప్యానెల్‌కి హెచ్‌వోడీయే అధ్యక్షుడు, బయటి శాఖ నుంచి ఒకరు, సాఫ్ట్‌వేర్ తెలిసినవారు ఒకరు ఉంటారు. 45 రోజుల్లో సంస్థ స్థాయి ప్యానెల్‌కి నివేదిక ఇవ్వాలి, వాళ్ళు మరో 45 రోజుల్లో తేల్చాలి. రెండింటికీ ఒకే అధ్యక్షుడు ఉండకూడదు. ఫిర్యాదు ప్యానెల్లో ఉన్నవారి మీదే అయితే ఆ మనిషి సమావేశంలోంచి తప్పుకోవాలి. హెచ్‌వోడీ మీదైతే చర్య సంస్థ ప్యానెల్ చేతిలో ఉంటుంది. ఎదుటివాళ్ళకి చెప్పుకునే అవకాశం పూర్తిగా ఇవ్వకుండా శిక్ష వేయకూడదు. మీ పేపర్లో మీకే తప్పు కనబడితే ఎవరో పట్టుకునేదాకా ఆగకండి, సవరణ వేయమని జర్నల్‌కి మీరే రాయండి. నిజాయితీగా జరిగిన పొరపాటుకి వేసే సవరణ మచ్చ కాదు.

జర్నల్ ఎంపిక గురించి ఒక్క మాట. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ పట్టిక, అంటే కేర్ జాబితా, 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. "కేర్ లిస్టెడ్" అని ఇప్పటికీ బోర్డు పెట్టుకున్న జర్నల్ కనబడితే అక్కడితో వదిలేయండి. జర్నల్ పేరుని నేరుగా స్కోపస్ (జర్నళ్ళ డేటాబేస్) సైట్లో వెతకండి, వాళ్ళ పేజీలో ఉన్న లోగోని నమ్మకండి. ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) సరిచూడండి, సంపాదకుల్లో ఒకరి యూనివర్సిటీ పేజీ తెరిచి ఆయన ఈ జర్నల్‌ని చెప్పుకున్నారేమో చూడండి. వాట్సాప్‌లో "సెకండ్ ఆథర్ స్లాట్" ధరలతో వచ్చే మెసేజీలకి జవాబివ్వకండి. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపరు తప్పనిసరి అన్న షరతు యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో ఆర్డినెన్స్ చదవండి, లేకపోతే ఆ కంగారే అక్కర్లేదు.

ఈ వారం చేయవలసినవి ఈ వరసలో పెట్టుకోండి. ఎథిక్స్ కమిటీకి ఉత్తరం ముందు, ఎందుకంటే ఏ అధ్యాయం ఉంటుందో అది తేలితేనే తెలుస్తుంది. తర్వాత ఫిల్టర్లతో రిపోర్టు. ఆ తర్వాతే రివ్యూ తిరగరాయడం. గైడ్ గారితో మాట్లాడేటప్పుడు రంగులు వేసిన రిపోర్టు ప్రింటు తీసుకెళ్ళి, ఫలితాల అధ్యాయం పేజీలు పైన పెట్టండి. ఎలాగూ మీ థీసిస్ శోధ్‌గంగకి (దేశంలోని థీసిస్‌లని అందరికీ కనబడేలా ఉంచే సైటు) వెళుతుంది, మీ డిక్లరేషన్, ఆయన సర్టిఫికెట్ రెండూ మొదటి ఫైలులోనే తెరుచుకుంటాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఒకసారి గుర్తు చేస్తే చాలు.